చల్లగాలి వైద్యం

నాకు గాలంటే భయం. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి, నాకు అలవాటే. పాముకి భయపడితే లోకం అయ్యో అంటుంది. గాలంటే భయమనేసరికి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. పోనీ ఏ రాళ్ళసీమలోనో పుట్టానా అంటే అదీ లేదు. ముక్తేశ్వరం దగ్గర పుట్టాను, ఎటు తిరిగినా కొబ్బరిచెట్లే.

నా చిన్నప్పుడు వచ్చిన తుఫానులో ఒక చెట్టు విరిగి మా పాక మీద పడింది. నా పక్కన పడుకున్న నాయనమ్మ పోయింది. నాకు చిన్న గీత కూడా పడలేదు. భయం అప్పుడే పట్టుకుందని అందరూ అనుకుంటారు. కాదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు నేను బాగానే ఉన్నాను. ఒక మధ్యాహ్నం, చక్కగా ఎండ కాస్తుండగా, దండెం మీద బట్టలు తీస్తున్నాను. నెత్తిమీద కొబ్బరాకులు గలగలమన్నాయి. అంతే. అరచేతులు తడిసిపోయాయి, దవడలు బిగుసుకుపోయాయి, కాళ్ళు కదలనన్నాయి. తుఫాను కాదు, వాన కాదు, ఆ ఆకుల చప్పుడు. ఏమీ కాదని నాకూ తెలుసు. తెలిసి ఒరిగేదేమీ ఉండదు, ఈ రోగంలో దిక్కుమాలిన సంగతి అదే.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. పక్కింటావిడ గాలి సోకిందంది, తాయెత్తు కట్టించమంది. గాలంటే వణికి చచ్చేదానికి గాలి సోకిందట! రాజమండ్రి హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో మాత్రం కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అక్కడ కిటికీలోంచి చూస్తే ఎదుటి మేడ గోడ తప్ప ఏమీ కనబడేది కాదు. భయం పోయిందనే అనుకున్నాను.

ఉద్యోగం వచ్చింది. ఎక్కడనుకున్నారు? అంతర్వేది దగ్గర, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పల్లెలో. ఆర్డరు చేతిలో పెట్టుకుని నేను ఏడుస్తుంటే, సంతోషంతో ఏడుస్తున్నాననుకుని నాన్న కూడా ఏడ్చాడు. ఆయన నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఒకే కామందు దగ్గర పాలేరు. అప్పటికే నడుం వంగిపోయింది. నా ఉద్యోగం నిలబడితే ఆయన ఇంటిపట్టున కూర్చోవచ్చు. నా మీద ఆధారపడి ఉన్నది ఆ ఒక్క సంగతే, ఇంట్లో అందరికీ తెలుసు.

భయం ఇంకా పోలేదని చెప్పాను. నాన్న ఎవరినో అడిగి నన్ను అమలాపురం తీసుకెళ్ళాడు. అక్కడికి వారానికోసారి ఒక డాక్టరుగారు వచ్చేవారు. హిప్నాటిజంతో భయాలు పోగొడతారని పేరు. మంచి మనిషి, ఆ మాట ఇప్పటికీ అంటాను. మా నాన్నని "కూర్చోండి" అన్నారు. డాక్టర్లెవరూ ఆయన్ని అంతవరకూ అలా అనలేదు. నాన్న కూర్చోలేదు, గుమ్మం దగ్గర తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమంటే భయమమ్మా నీకు?" అని డాక్టరుగారు నన్నే అడిగారు.

"తుఫానంటేనండి," అన్నాడు నాన్న.

మా ఇళ్ళలో అంతే. రోగం ఒకరిది, నోరు పెద్దవాళ్ళది.

డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. "భయం నీ బుర్రలో లేదమ్మా, ఒంటికి అలవాటైపోయింది. ఒంటికి కొత్త అలవాటు నేర్పుదాం. నిద్రలాంటి స్థితిలో ఉంటే అది చెప్పిన మాట వింటుంది." ఆ మాటలో తప్పేమీ లేదు. నా జబ్బుని అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. పడక కుర్చీలో వెనక్కి వాలమన్నారు. కాళ్ళు బరువెక్కుతున్నాయన్నారు, నిజంగానే బరువెక్కాయి. రెప్పలు వాలిపోతున్నాయన్నారు, వాలిపోయాయి. ఎన్నాళ్ళకో ఒళ్ళు వదులైంది. అబ్బ, ఎంత సుఖమో!

అప్పుడు ఆయన మెత్తటి గొంతుతో అన్నారు, "ఇప్పుడు నువ్వు చక్కటి కొబ్బరితోటలో ఉన్నావు. గోదావరి మీంచి చల్లటి గాలి వస్తోంది. ఆకులు మెల్లగా ఊగుతున్నాయి. ఆ చప్పుడు వింటూ ఉండు. హాయిగా ఉందామ్మా?"

"ఆయండి," అన్నాను.

గోళ్ళు కుర్చీ చేతిలో దిగబడ్డాయి. అయినా ఆయండి అన్నాను. అంత పెద్దమనిషి మన కోసం కష్టపడుతుంటే కాదనడం మా ఇంటావంటా లేదు. పైగా గుమ్మంలో నాన్న ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అదే తోట, అదే గాలి, అదే ఆయండి. చివరికి డాక్టరుగారు సంతోషంగా, "ధైర్యంగా వెళ్ళి చేరమ్మా, నీకేం లేదు," అన్నారు. నాన్న ఆ సాయంత్రమే కామందు ఇంటికెళ్ళి, "ఇంక రేపట్నించి రానండి, మా అమ్మాయికి ఉద్యోగమొచ్చిందండి," అని చెప్పేశాడు. ఆయన అంత నిటారుగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

బడి అంటే తాటాకు పాక. చుట్టూ కొబ్బరిచెట్లు. పొద్దున్న పూట గాలి ఉండేది కాదు, పిల్లలకి పాఠం చెప్పేదాన్ని, బాగానే చెప్పేదాన్ని. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం మీంచి మొదలయ్యేది. రోజూ. బల్ల అంచు పట్టుకుని పంటి బిగువున కొన్నాళ్ళు లాగాను. ఒకనాడు ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ ఎలా వెళ్ళానో తెలియదు, బడి పక్కనే ఉన్న హెడ్మాస్టరుగారింట్లో, వంటగది తలుపు గడియ వేసుకుని పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాను. బయట పిల్లలు "టీచరుగారండీ, టీచరుగారండీ" అని తలుపు కొడుతున్నారు. పాము దూరిందనుకుని కొందరు కర్రలు కూడా తెచ్చారు.

"ఒంట్లో బాగోనట్టుందండి, సెలవు పెట్టి ఇంటికెళ్ళండి," అన్నారు హెడ్మాస్టరుగారు. సెలవు మీద సెలవు పెట్టి, ఆఖరికి రాజీనామా ఇచ్చాను.

అప్పటికి కూడా ఆశ చావలేదు. జరిగిందంతా చెప్పి మళ్ళీ వైద్యం చేయించుకుందామని నాన్నా నేనూ అమలాపురం వెళ్ళాం. బస్సులో దారంతా ఏం చెప్పాలో మాట్లాడుకున్నాం. డాక్టరుగారు మమ్మల్ని చూస్తూనే గుర్తుపట్టి, మొహం విప్పార్చుకుని అడిగారు.

"ఏమండీ, అమ్మాయి ఉద్యోగం ఎలా ఉంది?"

"దివ్యంగా ఉందండి. తమ దయండి," అన్నాడు నాన్న.

ఆయన ఎంత సంబరపడ్డారో! వరండాలో కూర్చున్న రోగులకి నన్ను చూపించి, ఈ అమ్మాయిని చూడండి అన్నారు. వాళ్ళు నా వంక ఆశగా చూశారు. నేను తలవంచుకుని నిలబడ్డాను. నమస్కారం పెట్టి వచ్చేశాం.

బస్టాండులో అడిగాను. "ఎందుకలా చెప్పేవు నాన్నా?"

"మరేం చెప్పనమ్మా? మహానుభావుడు, మనసు పెట్టి చేసేరు. మీ వైద్యం పనిచెయ్యలేదండీ అని మొహమ్మీద ఎలా అనమంటావు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, నా మీదా, ఎవరినీ నొప్పించకుండా బతికే మా బతుకుల మీదా. కానీ వెనక్కి వెళ్ళి నిజం చెప్పొస్తానని నేనూ అనలేదు. బస్సు వచ్చింది, ఎక్కేశాం.

నాన్న మళ్ళీ కామందు గుమ్మం ఎక్కాడు. పాత పనిలో ఇంకొకరు చేరిపోయారు. ముసలివాడని జాలిపడి కొబ్బరితోటలో దింపిన కాయల రాశికి కాపలా పెట్టారు. పొద్దుటినుంచి చీకటి పడేదాకా. అమ్మ మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళేది.

ఒకరోజు అమ్మకి జ్వరం వచ్చింది. నేను అన్నం సర్ది క్యారేజీ పట్టుకుని బయల్దేరాను. తోట ఎంతో దూరం లేదు. కంచె దాకా వెళ్ళాను. లోపల చెట్ల కింద నాన్న కనబడుతూనే ఉన్నాడు, అటు తిరిగి కూర్చున్నాడు. పిలుద్దామని నోరు తెరిచాను. ఆకులు గలగలమన్నాయి. క్యారేజీ అక్కడే కింద పెట్టి ఇంటికి పరుగెత్తుకొచ్చి తలుపు వేసుకున్నాను.

చీకటి పడ్డాక నాన్న ఆ క్యారేజీ చేత్తో పట్టుకుని వచ్చాడు. కంచె దగ్గర అప్పుడే చూశాడట. అరుగు మీద కూర్చుని మూత తీసి, పట్టిన చీమల్ని వేలితో దులిపి, ఆ అన్నమే తినడం మొదలుపెట్టాడు. వేడిది వండుతానన్నాను. వద్దన్నాడు.

"అయినా ఇవాళ అంత ఆకలనిపించలేదమ్మా," అన్నాడు, రెండో గిన్నె తీస్తూ.