ఉత్త కుండలతో మంట ఆర్పబోయినాం

అరవయ్యో దశకం మొదట్లో, నల్లమాడ దగ్గరి ఒక పల్లెకు నేను కొత్తగా కాపురానికి వచ్చినాను. ఎండాకాలమొస్తే మా ఊరి గుట్ట మీద బోదగడ్డి అంటుకుని, మంట గడ్డివాముల దాకా వచ్చేది. అందుకని గ్రామసేవకుడు ఊరందరికీ వారానికొకసారి తర్ఫీదు పెట్టినాడు. తప్పెట మోగితే ఇంటికొకరు నీళ్లకుండతో, పచ్చి కానుగ కొమ్మతో గుట్ట కిందికి ఉరికి రావాల.

మా అత్త ఒప్పుకోలేదు. "ఏమప్పా, మంటే లేకుండా నీళ్లు పారబోయమంటావా? రెండు మైళ్లు పోయి తెచ్చుకుంటాండాము!" అనింది.

ఆయప్ప తల గోక్కుని, "సరేలేమ్మా, ఉత్త కుండలే తెండి" అన్నాడు. నాలుగు వారాలు నవ్వుకుంటా అట్లే ఉరికినాం.

ఐదో వారం మిట్టమధ్యాహ్నం నిజంగానే గుట్ట అంటుకుంది. తప్పెట మోగిందో లేదో అందరం చేరి వరసగా నిలబడినాం. చూస్తే ఒక్క కుండలోనూ చుక్క నీళ్లు లేవు! మంటేమో వాముల దగ్గరికి వస్తాండాది.

"ఏం చూస్తాండారు? వాముల పక్క దొడ్లో కుడితి తొట్టి ఉండాది కదా!" అని అత్త అరిచింది. కుడితిలో ముంచిన గోనెసంచులతో, కానుగ కొమ్మలతో బాది బాది మంట ఆర్పినాం. వాములు దక్కినాయి గానీ, రెండు రోజులు ఊరంతా కుడితి కంపే. ఇన్నేండ్లకూ ఆ వాసన తగిలితే నాకు నవ్వే వస్తుంది.

తర్వాతి తర్ఫీదుకు అందరం నిండు కుండలతోనే పోయినాం. గ్రామసేవకుడు సంబరపడి, "ఇంక పారబోయండి" అన్నాడు. ఒక్కరూ పోయలేదు. అత్త ముందు నడిస్తే, మేమంతా చుక్క ఒలకనీకుండా కుండలు మళ్లీ ఇండ్లకు మోసుకుపోయినాం.