ముందు బుగ్గలు ఉబ్బించండి

మా బాబాయి ఫొటోగ్రాఫరు. ఎవరొచ్చినా సరే, మొదటి ఫొటో బుగ్గలు ఉబ్బించి దిగితేగానీ మామూలుది తీయడు. కొత్త పెళ్లికొడుకైనా, పాస్‌పోర్టు ఫొటోకొచ్చిన జడ్జిగారైనా ఆయన స్టూడియోలో కాసేపు కప్పలు కావాల్సిందే.

"ఇదేం పిచ్చయ్యా?" అన్నారు జడ్జిగారు.

"ముఖం బిగుసుకుంది సార్. గాలి నింపితే వదులవుతుంది."

"నాకు పుట్టినప్పట్నుంచీ ఇదే ముఖం."

"అందుకేనండీ, ఇంక ఆలస్యం చేయకూడదు."

జడ్జిగారు ఉబ్బించారు.

పిన్ని ఊరుకునేది కాదు. "మా అన్నయ్యని కూడా అలాగే తీశారు. అప్పట్నుంచీ మాట్లాడ్డం మానేశాడు."

"ఆ పుణ్యం కూడా నాకేనా?" అనేవాడు బాబాయి, లెన్సు తుడుచుకుంటూ.

వాళ్లమ్మాయికి, అంటే మా చెల్లికి, పుట్టుకతో ఒక జబ్బుంది. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే కాపలాదళం ఉంటుందట. క్రిములు కనబడితే మీదపడుతుంది. ఆ దళానికి పగ్గం వేసే ప్రొటీను చెల్లికి చాలినంత లేదు. రక్తనాళాల్లోంచి నీరు ఊరకుండా చూసేదీ ఆ ప్రొటీనే. అందుకే పిల్లకి ఉన్నట్టుండి పెదవో బుగ్గో వాచిపోతుంది.

బడి చివరి ఏడాది, సరిగ్గా గ్రూపు ఫొటో నాడే, ఒక బుగ్గ బన్నులా లేచింది. డాక్టరుగారు సూదిమందు వేసి, గొంతు చూసి, "భయం లేదు, బడికి వెళ్లొచ్చు. వాపు మాత్రం రేపటిదాకా ఉంటుంది" అన్నారు.

"నేను దిగను నాన్నా. అది అందరిళ్లలో జన్మంతా ఉంటుంది."

"దిగకులే. నా పక్కన నిలబడు."

ఫొటో తీసేది ఆయనే. లైటు పట్టుకున్నది నేను. పిల్లలంతా వరుసల్లో సర్దుకున్నాక ఎప్పటిలాగే కేకేశాడు: "ముందు బుగ్గలు!"

ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆ పిల్లల్లో బాబాయి దగ్గర బుగ్గలు ఉబ్బించని వాళ్లు లేరు. క్లాసు క్లాసంతా ఉబ్బింది. హెడ్‌మిస్ట్రెస్ గారి కళ్లజోడు బుగ్గల మీద పైకి లేచింది. ఇన్నేళ్లుగా ఆయన ఊరందరికీ తర్ఫీదు ఎందుకిచ్చాడో నాకప్పుడు తెలిసింది.

"ఒకసారి ఇందులోంచి చూడమ్మా" అన్నాడు.

చెల్లి కెమెరాలోంచి చూసింది. పగలబడి నవ్వింది. పరుగున వెళ్లి రెండో వరుసలో దూరి, వాపు లేని బుగ్గ ఉబ్బించింది. క్లిక్.

"ఇక మామూలుది తీయండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"బ్యాటరీ అయిపోయింది మేడమ్."

ఆయన చొక్కా జేబులో ఇంకోటి ఉంది. చార్జింగ్ పెట్టింది నేనే. లైటు ఆర్పేశాను.

"పోనీ, ఇదైనా బాగా వచ్చిందా?"

బాబాయి కెమెరా సంచిలో పెట్టేస్తూ అన్నాడు: "అందరూ ఒక్కలాగే వచ్చారండీ."