ఏట్లో వేసిన నాణెం

నేను హెచ్‌-1బీ వీసా మీద అమెరికా వచ్చిన కొత్త. టీవీ పెడితే చాలు, మాలాంటి మొహాల మీద ఉగ్రవాదులేమోనన్న అనుమానాలే. ఆ రోజుల్లో ఒక చిన్న ఊళ్ళో పాత రాతి వంతెన చూద్దామని నేనూ నా భార్యా టూరిస్టు రైలెక్కాం.

వంతెన మీదికి రాగానే కింద ఏరు కనిపించింది. గోదావరి దాటేటప్పుడు వేసే అలవాటు కొద్దీ నా భార్య ఒక క్వార్టర్, అంటే పాతిక సెంట్ల నాణెం, కళ్ళకద్దుకుని కిటికీలోంచి విసిరింది. ఎదురు సీటులోని పెద్దావిడ చటుక్కున లేచి వెళ్ళి రైలు కండక్టర్‌ను వెంటబెట్టుకొచ్చింది.

బయటికి ఏం పడేశారని అడిగాడాయన. ఆఫీసులో రోజంతా వాగే ఇంగ్లీషు నా నోట్లో ఎండిపోయింది.

"క్వార్టర్ అని చెప్పండీ, వీసా క్యాన్సిల్ చేస్తారేమో!" అంది నా భార్య.

చెప్పాను. ఎందుకు వేశారన్నాడు. నది, దేవుడు, దణ్ణం... ఏది చెప్పినా అనుమానం పెరిగేలాగే ఉంది. "ఫర్ లక్," అన్నాను. మా ఐడీలు చూసి వెళ్ళిపోయాడు. పెద్దావిడ మాత్రం దిగేదాకా మా బ్యాగు మీంచి చూపు తిప్పలేదు. ఒళ్ళు మండిపోతున్నా ఆవిడకేసి నవ్వుతూనే కూర్చున్నాను.

తరువాత సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు, రాజమండ్రి వంతెన మీద నా భార్య మళ్ళీ నాణెం తీసింది. విసరబోతూ ఆగి, ఎవరైనా చూస్తున్నారేమోనని బోగీ అంతా కలయజూసింది.