ఇరవై రూపాయలిచ్చినవాళ్ల పేర్లు

2021 చలికాలం. కలకత్తాలో కార్పొరేషన్ ఎన్నికలు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక్క గది ఆఫీసులో టాక్స్ లెక్కలు రాసుకునే నేను, ఆసారి గౌరమ్మ అనే అభ్యర్థి ఖర్చుల లెక్క చూశాను.

ఆవిడ ముప్పయ్యేళ్లు వీధులూడ్చి రిటైరైంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన సఫాయి కుటుంబాల క్వార్టర్ల మీద బయటి ఊరి బిల్డర్ ఒకడు కన్నేశాడు. తన మనిషిని నిలబెట్టి బిర్యానీలు, చీరలు పంచాడు. గౌరమ్మ ఇండిపెండెంటుగా దిగింది. "ఆడి డబ్బుకి మన డబ్బే జవాబు. ఇరవై రూపాయలైనా సాలు," అని గుమ్మం గుమ్మం తిరిగింది.

ఇచ్చినవాళ్లకి రసీదు చింపి ఇచ్చి, పేరూ వీధీ ఉన్న సగం పుస్తకంలోనే ఉంచుతాం. దాన్ని కౌంటర్‌ఫాయిల్ అంటాం. రెండు వందలకు పైగా పేర్లు. చాలామంది కాంట్రాక్టు కింద ఊడ్చేవాళ్లు. మేస్త్రీ రేపు రావద్దంటే అంతే.

పోలింగుకి వారం ముందు, పట్టపగలు, బిల్డర్ మనుషులు ఇద్దరొచ్చారు. ఒకడు కూర్చుని హిందీలో మర్యాదగానే అడిగాడు.

"దాదా, ఆ రసీదు పుస్తకం ఓసారి చూపిస్తారా?"

"అభ్యర్థి దగ్గరుంది," అన్నాను. నా మోకాలికి తగులుతున్న సొరుగులోనే ఉంది.

"పర్లేదు. ఎన్నికలయ్యాక లెక్కలు దాఖలు చేస్తారుగా, అప్పుడు చూస్తాం." లేస్తూ మా అమ్మాయి చదివే కాలేజీ పేరు చెప్పి, మంచి కాలేజీ అన్నాడు.

వాళ్లు వెళ్లాక సొరుగుకి తాళం వేశాను. వాడన్నది నిజం. దాఖలైన లెక్కలకి ఫీజు కట్టి ఎవరైనా నకలు తీసుకోవచ్చు. ఆ సంగతి తెలిసిన నేను ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు.

గౌరమ్మకి అంతా చెప్పాను. "ఈ ముక్క ముందే సెప్పాల కదా బాబూ."

"పుస్తకం పోయిందని రాసేద్దామా?"

"అబద్ధం రాస్తే నువ్విరుక్కుంటావు. నడు, ఆళ్లనే అడుగుదాం."

మర్నాడు ఇంటింటికీ వెళ్లి విషయం చెప్పాం. వద్దన్నవాళ్ల డబ్బు వెనక్కిచ్చి రసీదు రద్దు చేశాను. సింహాచలం అనే అతను మా మొహాలు చూడలేక, "తప్పుగా అనుకోకక్కా, ముగ్గురు పిల్లలు," అన్నాడు. ఆ రోజు ఎంతమంది కళ్లలో నా భయమే చూశానో!

పైడితల్లి అనే ముసలావిడ మాత్రం నోటు తోసేసింది. "ఇన్నేళ్లూ హాజరీ పుస్తకంలో ఏలిముద్రేసినాను గానీ నా పేరెవుడూ సదవనేదు. ఇప్పుడు సదవనీ."

గౌరమ్మ ఓడిపోయింది. మిగిలిన పేర్లతో లెక్కలు దాఖలు చేశాను. నెల తిరక్కుండా ఆ జాబితాలోని ఇద్దరు ఆడవాళ్లను పనిలోంచి ఆపేశారు. గౌరమ్మ వీధి జనాన్నంతా తీసుకెళ్లి కాంట్రాక్టరు గుమ్మంలో కూర్చుంటే ఒకావిడను మళ్లీ తీసుకున్నారు. రెండో ఆవిడ టికియాపారాలో ఇళ్లల్లో పనికి కుదిరింది. మా అమ్మాయి ఇంటికి చేరేదాకా నేను గుమ్మంలోనే నిలబడిన సాయంత్రాలు లెక్కలేవు.

ఇప్పుడు ఎవరి చందా రాయాల్సి వచ్చినా, కలం తియ్యకముందే ఈ పేరు ఎవరెవరు చదవగలరో చెబుతాను. విన్నాక కొందరు నోటు మళ్లీ జేబులో పెట్టేసుకుంటారు. పెట్టుకోనిస్తాను.