గినీ పిగ్‌కు రాసిన ఆకు చీటీ

పదవీ విరమణకు ఏడాది ముందు, వానాకాలం మొదట్లో నన్ను ధర్మవరం నుంచి హిందూపురం వైపు ఒక పశువైద్యశాలకు సహాయ సంచాలకుడిగా మార్చారు. పేరుకు అధికారినే గానీ, ఉదయం ఓపీలో చేతులు కడుక్కునే తీరిక ఉండేది కాదు. ఓపీ రిజిస్టరులో ఆవు, గేదె, గొర్రె, మేక, కుక్కలకు గడులుండేవి. పెనుకొండ దగ్గరి పల్లె నుంచి రామక్క బుట్టలో తెచ్చిన, కుందేలు కన్నా చిన్నదైన గినీ పిగ్‌ను "ఇతరములు" గడిలో రాశాను.

రామక్కది పట్టుపురుగుల పెంపకం. బెంగళూరులో ఆమె చెల్లెలు అద్దెయిల్లు మారింది. కొత్త ఓనరు ఒప్పుకోకపోవడంతో రెండు గినీ పిగ్‌లను ఈమెకు అప్పగించింది. ఒకటి అప్పటికే పారుడుతో, అంటే విరేచనాలతో, చనిపోయింది. రెండోదానికీ అదే పట్టుకుంది.

"ఇది గూడ పోతే నా చెల్లెలికి ఏమని చెప్పేది సార్" అంది.

మేత గురించి అడిగాను. చెల్లెలు లెట్యూస్ అనే సలాడ్ ఆకు పెట్టమందట. చాకీ పురుగులకు, అంటే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పసి పురుగులకు, లేతాకే వేస్తారు. ఆ అలవాటు కొద్దీ రామక్క అంగట్లో అన్నిటికన్నా లేతగా కనిపించిన రకాన్ని ఏరి కడుపునిండా పెట్టింది. అది క్యాబేజీలా గుండ్రంగా చుట్టుకునే ఐస్‌బర్గ్. అందులో నీళ్లే ఎక్కువ, సత్తువ తక్కువ. పచ్చాకు ఆపించి ఎండుగడ్డి, నీళ్లు రాశాను. సి విటమిన్ ఈ జీవి ఒంట్లో తయారు కాదు కాబట్టి ఆ చుక్కలూ ఇచ్చాను.

నాలుగో రోజుకు పెంటికలు గట్టిపడ్డాయి. ఇక చీటీ మీద "పొడవాకుల రొమైన్ లేదా విడి ఆకుల లెట్యూస్, కొద్దిగా" అని గర్వంగానే రాశాను. చెన్నేకొత్తపల్లి దగ్గర పాలీహౌస్‌లో దాన్ని పండించే రైతుకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాను.

"మందెప్పుడు కొట్టినారప్పా?" ఆమె మొదటి మాట అదే.

నిన్న సాయంత్రం అన్నాడట.

"అయితే వద్దులే" అని ఫోన్ నాకిచ్చేసింది. పురుగుమందు పడిన ఆకు ఒక్క మేత వేసినా పట్టుపురుగులు చచ్చిపోతాయి కాబట్టి, పట్టు రైతులు బయటి ఆకు ముట్టుకునే ముందు ఆ సంగతే అడుగుతారు. ఇంత సర్వీసు చేసిన నాకు అది తోచలేదు. నిజంగా సిగ్గేసింది.

మందు లేని ఆకు దొరికేదాకా ఏం పెడతావని అడిగాను.

"మా మల్బరీ గట్టు మీద గరిక ఉండాది గదా సార్. ఆడ మేము మందే కొట్టం" అంది.

గరికతోనే ఆ గినీ పిగ్ తేరుకుంది. రొమైన్ గింజలు తెప్పించుకుని రామక్క తొట్టిలో తనే వేసుకుంది. రిటైరయ్యే దాకా ఆకు రాసిన ప్రతి చీటీలోనూ, రకం పేరుకు పైన, మందు ఎప్పుడు కొట్టారో అడగమని రాస్తూ వచ్చాను. రకం మంచిదైనంత మాత్రాన ఆకు మంచిదైపోదని నాకు తెలిసింది ఇతరముల గడిలో రాసిన ఆ కేసుతోనే.