పాస్‌పోర్టులో లేని మచ్చ

ముఖం కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. కుర్రతనంలో మేనమామ ఫోటో స్టూడియోలో చేరి, నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మొటిమలు పూడ్చడం నేర్చుకున్నాడు. కంప్యూటరు వచ్చి పెన్సిలు పోయింది. చెయ్యి మాత్రం అదే. ఎవరు ఫోటో దిగినా కళ్ళ కింద నలుపు, గడ్డం మీద గాటు, నుదుటి గీతలు అడక్కుండానే తీసేసేవాడు.

“నువ్వు తీసిన నా ఫోటో చూసి మా ఆవిడ, ఎవరీ పెద్దమనిషి అంటోందయ్యా,” అనేవాడు పక్కనున్న మందుల షాపాయన.

“బాగున్నాడందా లేదా?”

“అందుకే నాకు ఒళ్ళు మండింది.”

ఇప్పుడతను విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన భార్య. ఆమె చంకలో రెండేళ్ళు నిండని కూతురు, ఇంట్లో అందరికీ బుడిగి. భార్య నర్సు. పరాయి దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ముగ్గురం వెళ్తేనే వెళ్దాం, పిల్లను వదిలి నేను కదలను అని ఆమె ముందే చెప్పింది. స్టూడియో తలుపులు మూసి, తాళాలు మేనమామకిచ్చి వచ్చాడు.

అధికారి రెండు పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టాడు. మూడోదాని దగ్గర ఆగాడు.

“పాపను ఇటు తిప్పండమ్మా.”

తిప్పింది. ఎడమ కంటి కింద నుంచి దవడ దాకా ముదురు ఎర్రటి మచ్చ.

“ఇదెప్పుడు వచ్చింది?”

“పుట్టుమచ్చండీ.”

“మరి ఫోటోలో లేదే?”

పాస్‌పోర్టుల పనంతా అతనే చూసుకున్నాడు. నైట్ డ్యూటీల మధ్య అతను చూపించినచోట ఆమె సంతకం పెట్టిందంతే. ఇప్పుడు వంగి చూసింది. నున్నటి రెండు బుగ్గలు.

“లైటింగ్ వల్ల అయ్యుంటుంది సార్,” అన్నాడతను.

“లైటుకి మచ్చలు పోతాయా? పక్కకి రండి.”

అద్దాల గదిలో పెద్ద అధికారిణి కూర్చుని ఉంది. బుడిగి కిందికి దిగుతానని గింజుకుంటోంది. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. అధికారిణి ఫోటోనీ పిల్లనూ మార్చి మార్చి చూసింది.

“ఒకరి పాస్‌పోర్టు మీద ఇంకొకరి పిల్లను దాటించేవాళ్ళు ఉన్నారు. అడగక తప్పదు. ఈ పాప మీ పాపేనా?”

భార్య చేతులు పిల్ల చుట్టూ బిగిశాయి. పిల్ల ఏడుపందుకుంది.

నిజం చెబితే ఫోటో దిద్దిన నేరం. చెప్పకపోతే పిల్ల తమది కాకుండా పోతుంది.

“మచ్చ నేనే తీసేశాను మేడం.”

“ఎవరు తీయమన్నారు?”

“ఎవరూ అనలేదు. నా పనే అది. పది మంది ఫోటోలతో పాటు ఇదీ సాపు చేశాను. చెయ్యి అలవాటు.”

“సరే. మచ్చతో ఉన్న ఫోటో చూపించండి.”

అదెంత పని అన్నట్టు ఫోను తీశాడు. పుట్టినరోజు ఫోటో. నున్నగా ఉంది. ఉయ్యాల మీద, తొట్టిలో, అతని ఒళ్ళో. బొటనవేలు నెమ్మదించింది. షాపులో గిరాకీ లేనప్పుడల్లా ఒక్కొక్కటీ దిద్దుకుంటూ వచ్చాడు. ఎక్కడా మచ్చ లేదు.

భార్య పక్కనుంచి చూస్తోంది.

“ఒక్కటి కూడా ఉంచలేదా?” అంది. గొంతు పెంచలేదు.

“ఇదీ అలవాటేనా?” అంది అధికారిణి.

అతను ఫోను బోర్లించాడు.

విమానానికి ఆఖరి పిలుపు వినబడింది. భార్య తన ఫోను తెరిచి బల్ల మీద పెట్టింది. అన్నీ వంకర ఫోటోలే. కొన్నిటికి వేలు అడ్డొచ్చింది. మూతి నిండా అన్నం, ముక్కు కారుతూ, నిద్రలో, ఏడుపులో బుడిగి. పుట్టిన గంటకి ఆసుపత్రి గుడ్డలో చుట్టినది కూడా ఉంది. మచ్చ పిల్లతో పాటే పెరుగుతూ వచ్చింది. అధికారిణి ఒక్కొక్కటీ చూసింది. జనన ధ్రువపత్రం అడిగింది. ఎవరికో ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడింది. అప్పుడు ముద్ర అందుకుంది.

“దీన్ని రాసి పెడుతున్నాను. వెళ్ళగానే మన ఎంబసీలో కొత్త పాస్‌పోర్టు చేయించండి. ఫోటో మాత్రం మీరు తీయకండి.”

గేటు వైపు పరుగులాంటి నడక. ఏడ్చి ఏడ్చి బుడిగి తల్లి భుజం మీద వాలిపోయింది.

“ఇలా ఇవ్వు, చేతులు లాగుతుంటాయి,” అన్నాడు.

ఆమె పిల్లను రెండో భుజం మీదికి మార్చుకుంది.

“రేపు పెద్దదై, ఈ ఫోటోల్లో ఉన్నది ఎవరు నాన్నా అని అడుగుతుంది. ఏం చెబుతారో ఆలోచించుకోండి.” చేతిలోని బ్యాగు అతని ముందు పెట్టింది. “ఇది పట్టుకోండి.”

పట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళ వెనక నడిచాడు.