జడ్జిగారి మర్యాద

సిడ్నీ శివారు హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్టాయన ఈ మధ్య నన్ను "రండి సార్, కూర్చోండి సార్" అంటున్నాడు. అప్పట్నుంచీ మైసూర్‌పాక్ గట్టిపడింది. మర్యాదంటే నాకు అనుమానం మొదలైంది మాత్రం 1999లో, సిడ్నీలో ఫెడరల్ అప్పీళ్లు వినే కోర్టులో.

అక్కడ నేను తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చాలి. సొంత అభిప్రాయం ఉండకూడదు. ఇంట్లోనూ అదే పద్ధతి కాబట్టి కష్టమనిపించలేదు.

ఆ రోజు అప్పెల్లంట్, అంటే అప్పీలు చేసుకున్న మనిషి, గుంటూరు మస్తాన్. హోటల్లో వంట చేస్తాడు. వీసా రద్దు విషయంలో వచ్చి చెప్పుకోమని ట్రైబ్యునల్ పంపిన నోటీసు, అతను ఎప్పుడో ఖాళీ చేసిన గిరావీన్ పేటలోని ఇంటికి వెళ్లింది. కొత్త చిరునామా ముందే ఇచ్చాడు. రెండువేల సంవత్సరానికి సిద్ధం చేసిన ట్రైబ్యునల్ కంప్యూటర్ ఆ చిరునామాకి మాత్రం సిద్ధపడలేదు. అతను లేకుండానే వీసా పోయింది. కింది కోర్టులోనూ ఓడాడు. ఇక్కడా ఓడితే భార్య నూర్జహాన్‌తో విమానమెక్కడమే.

బెంచి మీద ముగ్గురు జడ్జీలు. మధ్యలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దావిడ. ఆవిడ మస్తాన్ తరఫు కుర్ర లాయర్ని ఉతికి ఆరేశారు. "చిరునామా ఇచ్చాడంటే నేనెందుకు నమ్మాలి?" ప్రభుత్వ లాయర్‌తో మాత్రం, "ఎంత స్పష్టంగా చెప్పారండీ!"

అన్నీ మస్తాన్ చెవిలో తెలుగులో చెబుతున్నాను.

"అయిపోయింది కదన్నా?" అన్నాడు.

"నేను అభిప్రాయం చెప్పకూడదు, మస్తాన్ గారూ."

"మీ ముఖం కూడా చెప్పకూడదా?"

"దానికీ పర్మిషన్ లేదు."

ఆవిడ ముందు నేను చాలా కేసులు చేశాను. గెలిపించబోయే వాదనలో కన్నాలేమైనా ఉన్నాయేమోనని తనే ముందు వెతుకుతారు. ఓడబోయేవాళ్లకి మర్యాదలన్నీ చేస్తారు, టీ ఒక్కటే ఇవ్వరు. కానీ నా అంచనా తప్పితే? జడ్జిగారి తర్వాతి ప్రశ్నని తెలుగులోకి తిప్పాను.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది: ట్రైబ్యునల్ మస్తాన్‌ని పిలిచి మళ్లీ వినాలి. ఈసారి నోటీసు సరైన ఇంటికొచ్చింది. వీసా నిలిచింది. ఆ ఆదివారం వాళ్లింట్లో బిర్యానీ తింటూ జడ్జిగారి అలవాటు చెప్పాను. మస్తాన్ ఎన్నాళ్లకో పగలబడి నవ్వాడు. గట్టిగా నిలదీసేవాళ్లు కనీసం మన మాట వింటున్నారని నాకు ఆ కేసే నేర్పింది.

చెయ్యి కడుక్కుని, "భోజనం అద్భుతమండీ, మీ ఆదరణ మరిచిపోలేను" అన్నాను.

నూర్జహాన్ గరిటె పక్కన పెట్టింది.

"బిర్యానీలో ఏం తప్పిందో సూటిగా చెప్పండన్నా."